నీళ్లు తాగే లారీ

గోదావరిఖని నుంచి గోదావరి వంతెన వైపు పోయే రోడ్డు మీద, లారీలు వరసగా ఆగే చోట మా అమ్మ సారక్కకు సీటు కవర్ల దుకాణం ఉంది. పక్కనే అలీముద్దీన్ చాచా ఇంజిన్ షెడ్డు. రెండింటికీ మధ్య ఒక రేకు గోడ. నా కుట్టుమిషను పక్కన ఆ రేకు అరచేయంత మేర తుప్పు పట్టి ఊడిపోయింది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి మిషను ముందు కూర్చున్నప్పటి నుంచి, ఏడేళ్లుగా, ఆ కంతలోంచి చాచా పని చూస్తున్నాను.

చాచా తండ్రి కాసిపేట బొగ్గుబాయిలో పనిచేశాడు. ఆ ఉద్యోగం పెద్దకొడుక్కు వచ్చింది. చిన్నవాడైన చాచా పదకొండేళ్లకే ఒక లారీ షెడ్డులో కిరసనాయిలుతో నట్లు కడిగే పనికి చేరాడు. రెండేళ్లు నట్లే కడిగాడట. చేతిలోకి తీసుకోగానే ఏ నట్టు ఇంజిన్‌లో ఎక్కడిదో చెప్పగలిగిన రోజున ఉస్తాద్ మొదటిసారి స్పానర్ ఇచ్చాడట. ఇప్పుడాయనకు అరవై మూడేళ్లు.

బండి రాగానే బానెట్ ఎత్తడం చాచాకు అలవాటు లేదు. ముందు డ్రైవర్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, దవాఖానలో డాక్టర్ అడిగినట్టు అన్నీ అడుగుతాడు. తర్వాత బండెక్కి రెండు మూడు కిలోమీటర్లు పోయి వస్తాడు. "బండి రోగం నిలబడి చెప్పదు, నడిచి చెప్తది" అంటాడు. విప్పిన సామానును నేనిచ్చిన రెగ్జిన్ ముక్క మీద, ఇంజిన్‌లో ఎలా ఉందో అదే వరసలో పరుస్తాడు. ఒక్క వాషర్ జరిగినా ఆయనకు తెలుస్తుంది.

మూడేళ్ల నుంచి ఆయన కళ్లలో పొర పెరుగుతోంది. ఈ సంగతి ఆయన భార్య షహజాదీ బేగం చాచీకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. సామాను మీద నంబరు చదవాల్సి వస్తే, సీటు కొలత అడిగినట్టు నన్ను పిలుస్తాడు. నేను ఆయనకు మాత్రమే వినబడేలా చదివి వచ్చేస్తాను. "కండ్లు పోయిన మేస్త్రికి బండి ఎవడిస్తడు బిడ్డా" అని ఒకసారి అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొన్న ఏప్రిల్‌లో లింగమూర్తి పెద్దబాపు లారీ వచ్చింది. ఆయన మా బాపుకు వరసకు అన్న. బూడిద ఇటుకలను ఇక్కడి బట్టీ నుంచి వంతెన అవతలి నస్పూర్ దాకా తోలతాడు. ఆ లారీ వయసులో నాకంటే పెద్దది. దాని ఇంజిన్‌ను చాచా రెండుసార్లు పూర్తిగా విప్పి కట్టాడు. వెంట పెద్దబాపు మేనల్లుడు భూపాల్ కూడా దిగాడు.

చాచా స్టూలు జరిపాడు.

"ఎన్ని నీళ్లు తాగుతంది లింగన్నా?"

"ఇరవై కిలోమీటర్లకు బకెట్, అలీం భాయ్. క్యాబిన్ల రెండు క్యాన్లు పెట్టుకొని తిరుగుతున్న. నాకంటె ఎక్కువ దానికే దూప."

"కింద కారుతదా?"

"సుక్క పడదు. రాత్రంత నిలబెట్టినా పొద్దుగాల నేల పొడిగనే ఉంటది."

"ఖాళీ బండికా, లోడుకా?"

"లోడుకే. వంతెన ఎక్కేటాళ్లకు వేడి చూపే సూది ఎర్రగీత దాటుతది."

భూపాల్ లారీకి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "ఇంక ఏం అడుగుతవ్ చాచా. బయట కారకపోతె లోపల కారుతున్నట్టే. హెడ్డు పోయింది. ఫోన్ల గూడ అదే చెప్పిండ్రు."

"నీ ఫోను ఈ ఇంజిన్‌ను ముట్టి చూసిందా?"

"ముట్టుడెందుకు? ముసలిబండి రోగాలన్ని ఒక్కటే."

పెద్దబాపు తలగుడ్డ విప్పి మొఖం తుడుచుకున్నాడు. "హెడ్డు విప్పితె దీనికి సామాన్లు దొరకయంటున్నడు వీడు. మంచిర్యాల పాతఇనుము సదానందానికి బండి ఇస్తమని మాట ఇచ్చిండు. రేపు పదింటికి గొలుసు తెచ్చి ఈడ్సుకపోతడట. కోసి ఇనుప ముక్కలు జేస్తడు. నాకు ఈ స్టీరింగు తప్ప ఇంకో పని రాదు భాయ్. ఒక్కసారి నువ్వు చూడు. నువ్వు గూడ పోయిందంటె, ఇస్త."

చాచా లేచాడు. "రేపు పదింటి దాక టైముంది గద."

ముందు చాచా, పెద్దబాపు ఇద్దరూ లారీలో వంతెన దాకా పోయి వచ్చారు. ఇంజిన్ చల్లబడ్డాక చాచా ఆయిల్ పుల్ల తీసి, నూనెను రెండు వేళ్ల మధ్య రాసి చూశాడు. నీళ్లు కలిస్తే అది మజ్జిగలా తెల్లబడుతుంది, వేళ్లకు జారుడు పోతుంది. అలా లేదు. రేడియేటర్ మూత తీసి ఇంజిన్ నడిపించి చెవి దాని దగ్గరగా పెట్టాడు. ఇంజిన్ పైమూతైన హెడ్డు కింద గాస్కెట్ పోతే నీళ్లలో బుడగలు లేస్తాయి. బుడగ లేదు. సైలెన్సర్ పొగకు అరచేయి అడ్డం పెట్టాడు. చేయి తడవలేదు.

తర్వాత తన సొంత పరికరం తీశాడు. పాత రేడియేటర్ మూతకు సైకిల్ ట్యూబు వాల్వు అతికించుకున్నాడు. దాన్ని బిగించి సైకిల్ పంపుతో గాలి కొడితే లోపల నీళ్లకు ఒత్తిడి వస్తుంది. ఎక్కడ చిల్లు ఉన్నా గాలి దిగి, రేడియేటర్ పై గొట్టం మెత్తబడుతుంది. చాచా గాలి కొట్టి గొట్టాన్ని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

అరగంట గడిచింది. గొట్టం రాయిలాగే ఉంది.

"అయిపాయె. బయట ఎక్కడా చిల్లు లేదు. లోపలనే. నేను జెప్పలేదా?" అన్నాడు భూపాల్.

చాచా మా దుకాణం గడప దగ్గరకు వచ్చాడు. అమ్మ నీళ్లిచ్చింది. సగం తాగి గ్లాసు అలాగే పట్టుకున్నాడు.

"లోపల చిల్లున్నా గాలి దిగాలె గద సారక్కా. లోపల లేదు, బయట లేదు. మరి బకెట్ నీళ్లు ఎటు పోతున్నయ్?"

"నన్నడిగితె నాకేం తెల్సన్నా. నాకు కవర్లు కుట్టుడు తెల్సు."

"చిల్లు ఉంది. దాన్ని ఏదో మూసిపెట్టింది. బండి వేడెక్కి ఒత్తిడి పెరిగితె ఇడుస్తది, చల్లబడితె మళ్ల మూసుకుంటది." ఇది ఆయన అమ్మతో అనలేదు, తనతో తనే అనుకున్నాడు.

వెనక్కి వెళ్లి మూత తీసి, రేడియేటర్ నోట్లో వేలు పెట్టి లోపలి గోడను గీకాడు. వేలికి బంకగా ఏదో అంటింది. వెలుతురు వైపు తిప్పి చూశాడు. ఆయన కళ్లకు అది తుప్పులా కనిపించి ఉంటుంది. నాకు రేకు కంతలోంచి కూడా రంగు తెలుస్తోంది, కానీ నేను నోరు తెరవలేదు. చాచా వేలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు.

"లింగన్నా, ఇంజిన్ల పప్పు వండుతున్నవా?"

పెద్దబాపు నేల చూశాడు.

"ఎన్ని దినాల నుంచి?"

"దసరా నుంచి. కొంచెం కొంచెమే భాయ్."

"కొంచెమా? నాకు చేతికి పసుపు ముద్ద వస్తంది."

అమ్మ గడపలోంచే అంది, "అక్క మొన్న నన్నడిగింది, మా ఇంట్ల పసుపు ఎవలు తింటున్నరో తెలుస్తలేదని. నువ్వానె బావా?"

రేడియేటర్ కారితే పసుపు పోయడం ఇక్కడి లారీవాళ్ల పాత అలవాటు. పసుపు నీళ్లతో తిరిగి చిల్లు దగ్గర గడ్డకట్టి మూస్తుంది. ఇంటికి చేరేదాకా పనికొస్తుంది. దాన్నే మందు అనుకుని వారం వారం పోస్తే ఇంజిన్ లోపలి దారులన్నీ పూడుకుపోతాయి. పసుపు పోసిన బండిని చాచా తిట్టకుండా లోపలికి రానివ్వడు. అందుకే పెద్దబాపు దాచాడు.

"అడిగినప్పుడు ఎందుకు చెప్పలే?"

"తిడుతవని."

"ఇప్పుడు తిట్టనా?"

"తిట్టు."

చాచా తిట్టలేదు. బట్టల సోడా తెమ్మన్నాడు. సోడా కలిపిన నీళ్లు నింపి, ఇంజిన్ నడిపి, చల్లబడ్డాక కింది కుళాయి తిప్పి వదిలాడు. మా దుకాణం ముందు పసుప్పచ్చటి నీళ్లు పారాయి. మళ్లీ నింపాడు, మళ్లీ వదిలాడు. మూడోసారి పెద్దబాపు ఆయన చేయి పట్టుకున్నాడు.

"ఉన్న అడ్డం గూడ తీసేస్తున్నవ్ భాయ్. ఇగ మొత్తం కారిపోతది."

"కారాలె. కారితెనే దొరుకుతది."

"దొరకకపోతె?"

"అప్పుడు సదానందం గొలుసుకు నేనే కొక్కెం తగిలిస్త. చెయ్యి ఇడువు."

నీళ్లు తేటగా వచ్చేసరికి సాయంత్రమైంది. పొద్దు గుంకేలోపు ఇంజిన్ బయటి పక్క కూడా కడిగారు. మా దగ్గర తిరిగే బండ్లకు ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము నూనెతో కలిసి తారులా పేరుకుంటుంది. చుక్క కారినా ఆ దుమ్మే తాగేస్తుంది. చాచా చెక్కముక్కతో గీకి, కిరసనాయిలు కుంచెతో కడిగి, ఇనుము బయటపడేదాకా వదల్లేదు. భూపాల్ ఫోన్ జేబులో పెట్టి లైటు పట్టుకున్నాడు.

"హెడ్డు పోలేదని నీకు ముందుగాల ఎట్ల తెల్సింది చాచా?"

"తెల్వదు. పోయిందని గూడ తెల్వదు. తెల్వనప్పుడు విప్పొద్దు, అంతే."

మర్నాడు ఏడింటికే పెద్దబాపు వచ్చాడు. చాచా అంతకుముందే వచ్చి ఉన్నాడు. ఇంజిన్‌ను వేడిచేసి, చేయి పెట్టగలిగేంత చల్లారనిచ్చి గాలి కొట్టాడు. ఈసారి పది నిమిషాలకే గొట్టం మెత్తబడింది. చిల్లు తెరుచుకుంది. కానీ ఎక్కడా తడి లేదు. పెద్దబాపు చూశాడు, భూపాల్ చూశాడు, క్లచ్ పని కోసం తన బండితో వచ్చిన కిషన్ కూడా వంగి చూశాడు.

"బూడిద తే లింగన్నా, నీ బండి మూలలకెళ్లి."

ఇటుకల బూడిద లారీ వెనుక మూలల్లో పిండిలా పేరుకుని ఉంది. పలుచటి గుడ్డ అడిగితే రేకు కంతలోంచి అందించాను. బూడిదను గుడ్డలో మూటకట్టి ఇంజిన్ పక్క మీద మెల్లగా తట్టాడు. ఇనుమంతా తెల్లటి బూడిద రంగుకు వచ్చింది. మళ్లీ గాలి కొట్టాడు. తడి తగిలిన చోట బూడిద నల్లబడాలి. చాచా మొఖం ఇంజిన్‌కు ఆనేంత దగ్గర పెట్టి చూస్తున్నాడు. ఒక పక్క చూశాడు, ఇంకో పక్క చూశాడు, మళ్లీ మొదటి పక్కకు వచ్చాడు.

"ఏం కనపడ్తంది చాచా?" అని భూపాల్ అడిగాడు.

చాచా నడుము నిలబెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

"నాకు కనపడ్తలే. కండ్లల్ల పొర వచ్చింది. మూడేండ్లాయె, ఎవలకు జెప్పలే. లింగన్న పసుపు దాచిండు, నేను ఇది దాచిన." గోడ వైపు తిరిగాడు. "మమతా, ఇటు రా బిడ్డా. జల్ది."

అంతమంది మగవాళ్ల ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. అమ్మ నా చేతిలోని కత్తెర తీసుకుంది. వెళ్లాను. నా వెనుక కిషన్ లారీ స్టార్టయిన చప్పుడు వచ్చింది. అది మెల్లగా రోడ్డెక్కి, నాలుగు షెడ్ల అవతల ఇంకో మేస్త్రి దగ్గర ఆగింది. ఆ చప్పుడు ఏ బండిదో చాచాకు తెలుసు. తల తిప్పలేదు.

"పొగ గొట్టాలు కలిసే ఈ బరువైన ఇనుము లేదా, ఇది మ్యానిఫోల్డు. దీని వెనుక సందుల ఇంజిన్‌కు గుండ్రటి రేకు బిళ్లలు కొట్టి ఉంటయ్. డమ్మీలంటరు. లోపల నీళ్లను అవే ఆపుతయ్. ముందటి నుంచి లెక్కవెట్టు. ఒక్కొక్క దాని అంచు చుట్టూర చూడు. కనపడకపోతె లేదను. నన్ను సంబురపెట్టేందుకు ఉందనకు."

భూపాల్ లైటు సందులోకి పెట్టాడు. మొదటి బిళ్ల చుట్టూ బూడిద పొడిగా ఉంది. లేదన్నాను. రెండోదాని అంచు గరుకుగా ఉంది కాని తడి లేదు. మూడోదాని దగ్గర చాలాసేపు ఆగాను. కింది అంచున నువ్వుగింజంత నలుపు. మసి కావచ్చు. అందుకే చెప్పకుండా చూస్తూ ఉన్నాను. చాచా తొందరపెట్టలేదు. నువ్వుగింజ పెసరగింజంత అయింది. దాని నుంచి కిందికి గోటి పొడవున ఒక గీత దిగింది.

"మూడోది చాచా. కింది అంచు."

"ఉందా, ఉన్నట్టుందా?"

"ఉంది. పెరుగుతంది."

ఇనుప తీగ కొసకు తెల్లగుడ్డ చుట్టి నా చేతికిచ్చాడు. సందులోకి పోనిచ్చి ఆ చోట ఆనించి తీశాను. గుడ్డ కొస తడిసింది. చాచా దాన్ని వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు, పెద్దబాపు చేతిలో పెట్టాడు.

"ఇగో లింగన్నా నీ బకెట్. లోడు మీద ఇక్కడికెళ్లి తుంపరగ వస్తది, ఎర్రగ కాలే మ్యానిఫోల్డు మీద పడి ఆవిరైతది. నేల దాక సుక్క చేరదు. బండి ఆగితె నీ పసుపు మళ్ల తలుపు వేస్తది."

పెద్దబాపు ఆ గుడ్డముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దొరకడం వేరు, చేయడం వేరు. బిళ్ల తీయాలంటే మ్యానిఫోల్డు విప్పాలి. దానికి పన్నెండు నట్లు, ఏళ్ల తరబడి వేడికి ఇనుములో ఇనుము కలిసిపోయి ఉన్నాయి. పదకొండు ఒక్కొక్కటిగా వచ్చాయి. చివరిది కదల్లేదు. విరిగితే ఆ బోల్టు ముక్కను ఇంజిన్‌లోంచి తోడడానికి లేత్ పనికి పంపాలి, అంటే ఇంజిన్ దింపాలి.

అప్పుడే సదానందం వచ్చాడు. పది కావస్తోంది. తన బండి దిగి గొలుసు కింద పడేశాడు.

"ఏంది, సగం విప్పిండ్రా? మంచిగైంది, నాకు పని తక్కువ."

భూపాల్ మామ వైపు చూశాడు. "మాట ఇచ్చినం గద మామా."

"నువ్వు ఇచ్చినవ్. నేను ఇంక ఇయ్యలే." పెద్దబాపు మా దుకాణం ముందున్న బల్ల చూపించాడు. "కూసో సదానందం. చాయ్ తాగు."

"ఎంతసేపు కూసోవాలె?"

"ఆయన లేచే దాక."

చాచా ఎవరి మాటా వింటున్నట్టు లేదు. బ్లోలాంప్ మంటతో నట్టును వేడిచేసి, దాని మొదలు దగ్గర కొవ్వొత్తి ఆనించాడు. మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోయింది. చల్లారాక సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టాడు. స్పానర్ వేసి బిగించే వైపు రవ్వంత లాగాడు, తర్వాత విప్పే వైపు రవ్వంత. కదల్లేదు. మళ్లీ మంట, మళ్లీ మైనం. సదానందం రెండో చాయ్ అడిగాడు. భూపాల్ గొట్టం ముక్క తెచ్చి స్పానర్‌కు తొడుగుతానన్నాడు, బలంగా లాగితే వస్తుందని.

"బలం వద్దు. ఇది నాతోని మాట్లాడుతంది, నువ్వు జర సప్పుడు జెయ్యకు."

ఎనిమిదోసారో తొమ్మిదోసారో నట్టు కీచుమంది. చాచా అక్కడే ఆపాడు. అరతిప్పు వెనక్కి, పావుతిప్పు ముందుకు, అలా మెల్లగా ఊడదీసి రెగ్జిన్ మీద పన్నెండో చోట పెట్టాడు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

మూడో బిళ్లకు ఉలి ఆనించి ఒక్క దెబ్బ కొడితే అప్పడంలా చిట్లింది. షెడ్డులో ఉన్న కొత్తదాని మీది కొలత నన్ను చదవమన్నాడు. ఈసారి పెద్దగానే చదివాను. అంచుకు బంక రాసి, పైన గొట్టం ముక్క పెట్టి కొట్టాడు. మొదట బోలు చప్పుడు. కొడుతూ ఉండగా చప్పుడు గట్టిపడింది. అక్కడ సుత్తి దించాడు. అంచు గరుకున్న రెండోదాన్ని కూడా మార్చాడు. "ఇది వచ్చే దసరా దాక ఆగేది" అన్నాడు. మ్యానిఫోల్డు బిగించి, నీళ్లు నింపి, గాలి కొట్టి గొట్టాన్ని పట్టుకున్నాడు. అరగంట అలాగే ఉన్నాడు. గొట్టం గట్టిగానే ఉంది.

సదానందం లేచి గొలుసు తీసుకోబోయాడు. "ఇగ నేను పోత."

"ఆగు" అన్నాడు చాచా. "ఇంక అయిపోలే. లోడు మీద నడవాలె. నువ్వు పొయ్యే తొవ్వే గద, మా వెనుకనే రా. నస్పూర్ల సూది ఎర్రగీత దాటి ఉంటె, అక్కడికెళ్లే ఈడ్సుకపో."

బట్టీలో ఇటుకలు పూర్తి లోడు ఎక్కించారు. పెద్దబాపు స్టీరింగు దగ్గర, చాచా మధ్యలో, నేను కిటికీ పక్కన. సూది చూసి చెప్పడం నా పని. అమ్మ వద్దనలేదు. వెనుక సదానందం బండిలో భూపాల్ కూర్చున్నాడు. వంతెన మీద లారీ మూలుగుతూ పోతోంటే సూది సగానికి వచ్చింది. చెప్పాను. సగం దాటి కొంచెం పైకి పోయింది. అదీ చెప్పాను. పెద్దబాపు కాలు వెనక్కి తీయబోతే చాచా ఆయన తొడ మీద చేయి వేశాడు.

"తొక్కు. ఇప్పుడు భయపడితె రేపు గూడ భయపడ్తవ్."

వంతెన దాటాక కూడా సూది అక్కడే ఉంది. నస్పూర్ మలుపు దగ్గర, వేపచెట్టు నీడలో లారీ ఆపారు. పెద్దబాపు దిగగానే మూత దగ్గరకు పోయాడు. చాచా ఆయన రెక్క పట్టి కూర్చోబెట్టాడు. వేడి మీద తీస్తే మొఖం కాలుతుంది. అరగంట కూర్చున్నాం. సదానందం తన బండి దిగకుండా హారన్ మీద వేళ్లు ఆడిస్తున్నాడు. పెద్దబాపు పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు చెప్పాడు.

ఇంజిన్ చల్లబడ్డాక చాచా గుడ్డ వేసి మూత తిప్పాడు. తాను చూడలేదు, వేలూ పెట్టలేదు. పక్కకు జరిగి, "సదానందం, నువ్వు చూడు. ఈ బండి ఇనుమైతె నీకే గద లాభం" అన్నాడు.

సదానందం దిగివచ్చి వంగి చూశాడు. జేబులోంచి పెన్ను తీసి లోపలికి ముంచి చూసుకున్నాడు.

"నీళ్లు అంచు దాకనే ఉన్నయ్" అని, పెన్ను చొక్కాకు తుడుచుకుని తన బండి ఎక్కాడు. భూపాల్ అందులోంచి దిగాడు. గొలుసు బండి మంచిర్యాల వైపు ఖాళీగా పోయింది.

పెద్దబాపు లారీ స్టార్ట్ చేసి, ఇటుకలు దించడానికి నస్పూర్ లోపలికి మళ్లించాడు. వెనుక లోడు మీద కూర్చున్న భూపాల్, ఎన్నో నంబరు ఇంటి ముందు దించాలో అరిచి అడుగుతున్నాడు.